ఆషాఢంలో విండోస్ 10: డీటీపీ షాపు కొత్త ల్యాప్‌టాప్ ప్రాజెక్టు డైరీ

తెనాలిలో మా బాబాయిది డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడూ చిన్న పుస్తకాలు చేస్తారు. పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డు పోవడంతో జూన్‌లో కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. అందులో విండోస్ 11 వచ్చింది. షాపులో వాడే తెలుగు లిపి సాఫ్ట్‌వేర్ దాని మీద సరిగ్గా నడవలేదు. విండోస్ 11 తీసి విండోస్ 10 ఎక్కించడానికి నాకు మొత్తం ఇరవై ఎనిమిదిన్నర గంటలు పట్టింది. ఇదే అవస్థలో ఉన్న షాపులు చాలా ఉన్నాయని తెలుసు కాబట్టి ఎక్కడ ఎందుకు ఆగిపోయానో దాచకుండా రాస్తున్నాను.

మెషీన్: ఇంటెల్ 13వ తరం కోర్ ఐ5-1335యూ, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11 ప్రో. ఈథర్నెట్ పోర్టు (నెట్ కేబుల్ పెట్టే చోటు) లేదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

గడువు: 2025 జులై 24. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి షాపు ఖాళీగా ఉంటుంది. 25న శ్రావణం మొదలైతే ఊపిరి సలపదు. నిజానికి శ్రావణం పెళ్లిళ్ల కార్డులు నెల మధ్య నుంచే మొదలవుతాయి. అంటే చేతిలో ఉన్నది పది రోజులే.

దశ 0: మార్చకుండా గడుస్తుందా? (జులై 5)

ఓఎస్ మార్చడం ఆఖరి మార్గం. ముందు విండోస్ 11 మీదే నడిపించాలని చూశాను.

పరీక్షకు ఒకే లైను పెట్టుకున్నాను: శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు. ప్రతి శుభలేఖ మీదా పైన ఉండేదే. గుణింతాలు, వత్తులు ఇందులో ఉన్నాయి కాబట్టి ఇది సరిగ్గా పడితే మిగతావీ పడతాయి.

1. హార్డ్‌వేర్ లాక్ (లిపి సాఫ్ట్‌వేర్ నడవాలంటే యూఎస్‌బీ పోర్టులో పెట్టాల్సిన తాళం లాంటి ముక్క) పెట్టగానే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు వచ్చింది, కోడ్ 39. డ్రైవర్, అంటే పరికరాన్ని విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రామ్, లోడ్ కాలేదని దాని అర్థం. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటెగ్రిటీ పాత డ్రైవర్లను ఆపేస్తుంది. అది ఆఫ్ చేసి రీస్టార్ట్ చేస్తే లాక్ లైటు వెలిగింది.
2. పేజీలు పేర్చే పేజ్‌మేకర్ 7 తెరుచుకుంది. 2001 నాటి ప్రోగ్రామ్ అయినా పేచీ పెట్టలేదు.
3. టైప్ చేయడం దగ్గర పని ఆగింది. "శ్రీరస్తు" అని కొడితే "శరసత" అని పడింది. మెల్లగా ఒక్కో కీ నొక్కితే సరిగ్గా వచ్చింది, మామూలు వేగంతో కొడితే గుణింతాలూ వత్తులూ ఎగిరిపోయాయి.

మూడోది ఎందుకు జరుగుతుందో చెప్పాలి. ఈ పాత లిపులు (ఫాంట్లు) యూనికోడ్ కావు, అంటే ప్రతి భాష అక్షరానికీ విడి సంఖ్య ఇచ్చే ప్రమాణం ప్రకారం చేసినవి కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చి ఉంటాయి. మనం గుణింతమో వత్తో కొట్టగానే కీబోర్డ్ ప్రోగ్రామ్ ముందు పడిన ముక్కను చెరిపి, దాని చోట కొత్త ముక్కలు పెడుతుంది. ఈ చెరిపి పెట్టే పని విండోస్ 11లో వెనకబడి, తర్వాతి కీ వచ్చేసరికి దారి తప్పుతోంది. కంపాటిబిలిటీ మోడ్‌లన్నీ మార్చి చూశాను. వర్చువల్ మెషీన్‌లో, అంటే విండోస్ 11 లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, విండోస్ 10 పెట్టి చూస్తే టైపింగ్ బాగుంది కానీ లాక్ పావుగంటకోసారి ఊడిపోయింది. లాక్ ఊడితే సేవ్ చేయనివ్వదు.

చేసినవాళ్లను అడుగుదామంటే ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు ఇప్పుడు లేరు. పద్దెనిమిదేళ్ల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. యూనికోడ్‌కు మారితే పోలా అని అడగొచ్చు. మారాలి, ఆ పని కూడా మొదలుపెట్టాం, చివర్లో రాస్తాను. అయితే అది పది రోజుల్లో తేలేది కాదు.

ఇప్పటిదాకా: 4 గంటలు, ఖర్చు 0.

దశ 1: వెనక్కి వచ్చే దారి (జులై 6)

ఫార్మాట్ కొట్టే ముందు మూడు తీసిపెట్టాను. ఒక్కటి తగ్గినా నేను ముందుకు వెళ్లేవాణ్ని కాదు.

1. సిస్టమ్ ఇమేజ్, అంటే ఉన్న విండోస్ మొత్తానికి నకలు. విండోస్ 11 కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7) అనే పాత పేరుతో ఇంకా ఉంది. యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ మీదికి 58 జీబీ, 35 నిమిషాలు.
2. రికవరీ డ్రైవ్. 32 జీబీ పెన్‌డ్రైవ్ మీద, సిస్టమ్ ఫైళ్లతో సహా. దీనికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. పెన్‌డ్రైవ్ నెమ్మది, అంతే.
3. డ్రైవర్లు. అడ్మిన్ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డిజమ్ కమాండ్‌కు ఆన్‌లైన్, ఎక్స్‌పోర్ట్-డ్రైవర్, డెస్టినేషన్ అనే స్విచ్‌లు ఇస్తే మెషీన్‌లో ఉన్న బయటి డ్రైవర్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి వస్తాయి. నాకు 2.9 జీబీ వచ్చింది.

మూడోది చాలామంది చెయ్యరు. కంపెనీ సైట్‌లో దొరుకుతాయిలే అనుకుంటారు. ఈ మోడల్‌కు కంపెనీ సైట్‌లో విండోస్ 10 డ్రైవర్లు ఒక్కటి కూడా లేవు, ఉన్నవన్నీ 11వే. ఆ 2.9 జీబీ ఫోల్డర్ లేకపోతే ఈ డైరీ మధ్యలోనే ఆగిపోయేది.

వారంటీ సంగతి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడిగాను. హార్డ్‌వేర్ వారంటీ ఉంటుంది, రిపేరుకు ఇస్తే మాత్రం వచ్చిన ఓఎస్సే మళ్లీ ఎక్కించి ఇస్తాం అన్నారు. రికవరీ డ్రైవ్‌ను బీరువాలో పెట్టించాను.

ఇప్పటిదాకా: 9 గంటలు (ఎదురుచూపులతో కలిపి), రెండు పెన్‌డ్రైవ్‌లకు 700 రూపాయలు.

దశ 2: పెన్‌డ్రైవ్ (జులై 8)

కావలసింది విండోస్ 10లో ఆఖరి వెర్షన్, 22హెచ్2, బిల్డ్ 19045. మైక్రోసాఫ్ట్ పేజీని విండోస్ మెషీన్‌లో తెరిస్తే మీడియా క్రియేషన్ టూల్ ఇస్తుంది, ఫోన్‌లో తెరిస్తే నేరుగా ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా) ఇస్తుంది. నేను మొదట ఐఎస్‌ఓ దింపి, అందులోని ఫైళ్లను ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ మీదికి కాపీ చేయబోయాను. ఇన్‌స్టాల్ డాట్ విమ్ అనే ఫైలు 4 జీబీ దాటి ఉంది. ఫ్యాట్32 అంత పెద్ద ఫైలును పట్టదు. మీడియా క్రియేషన్ టూల్‌తోనే మళ్లీ చేస్తే ఆ బాధ లేదు, అది ఫైలును బాగా కుదించి 4 జీబీ లోపు పెడుతుంది. గంటన్నర.

ఇప్పటిదాకా: 10 గంటల 30 నిమిషాలు, 700.

దశ 3: 48 అంకెలు (జులై 8, రాత్రి)

ఇక్కడ జరిగింది నా పొరపాటే. మీరు చెయ్యొద్దు.

పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయాలంటే బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) సెక్యూర్ బూట్ ఆఫ్ చేయాలని పాత అలవాటు. నమ్మకమైన సంతకం లేనివాటితో మెషీన్ మొదలవకుండా ఆపేది అది. ఆఫ్ చేశాను. ఆ రాత్రికి ఇన్‌స్టాల్ మొదలుపెట్టకుండా, ఒక ఫైలు మర్చిపోయానని మళ్లీ విండోస్ 11లోకి వెళ్లబోయాను. నీలం తెర వచ్చింది. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్, రికవరీ కీ అడిగింది, 48 అంకెలు.

ఈ ల్యాప్‌టాప్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఎవరూ ఆన్ చేయలేదు. కొత్త మెషీన్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ కాగానే అదే ఆన్ అవుతుంది, తాళం ఆ అకౌంట్‌లో దాచుకుంటుంది. సెక్యూర్ బూట్ మార్చగానే ఎవరో మెషీన్‌ను కదిపారని అనుమానించి తాళం అడుగుతుంది. ఆ అకౌంట్ ఎవరిది? జూన్‌లో సెలవుకు వచ్చి ల్యాప్‌టాప్ సెటప్ చేసిన తమ్ముడిది, బాబాయి కొడుకు. వాడు డల్లాస్‌లో ఉంటాడు.

మనకు రాత్రి పదిన్నర, వాడికి మధ్యాహ్నం పన్నెండు. లంచ్‌కు బయటికొచ్చి ఫోన్‌లోనే అకౌంట్ తెరిచాడు. తెర మీది కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలు సరిచూసుకున్నాం, కీ చదవడం మొదలుపెట్టాడు. ఎనిమిది గుంపులు, గుంపుకు ఆరు అంకెలు. వాడు ఇంగ్లీషులో చదువుతున్నాడు. ఐదో గుంపు తెర ఒప్పుకోలేదు. ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడేలా ఉంటుంది కాబట్టి ఒక్క అంకె తప్పినా అక్కడికక్కడే పట్టేస్తుంది. మూడుసార్లు చదివించాను. వాడి ఫైవ్ నాకు నైన్‌లా వినపడుతోంది.

"తెలుగులో చదవరా" అన్నాను.

"అయిదు, సున్నా, అయిదు, ఎనిమిది..." అని ఒక్కొక్కటే చదివాడు. అయిదుకూ తొమ్మిదికీ పోలికే లేదు. పడింది.

"అన్నయ్యా, ఇందాకణ్నించీ ఇట్లా చదివితే అయిపోయేది కదా" అన్నాడు. పక్కన బాబాయి ఆ 48 అంకెలనూ శుభలేఖ అట్ట వెనక రాసుకున్నారు.

తెలుసుకున్నది రెండు ముక్కల్లో:

1. బయోస్‌ను ముట్టుకునే ముందు సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయాలి. పూర్తిగా డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగాలి. మాకు 25 నిమిషాలు పట్టింది.
2. అసలు సెక్యూర్ బూట్ ఆఫ్ చేయనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ టూల్‌తో చేసిన విండోస్ 10 పెన్‌డ్రైవ్ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే బూట్ అవుతుంది. మళ్లీ ఆన్ చేసి పెట్టాను, ఆన్‌లోనే పని జరిగింది.

ఇప్పటిదాకా: 12 గంటల 30 నిమిషాలు, 700.

దశ 4: డిస్క్ కనపడలేదు (జులై 10)

పెన్‌డ్రైవ్‌తో బూట్ అయింది. ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలి అని అడిగే చోట లిస్టు ఖాళీ. ఒక్క డ్రైవ్ లేదు.

ఎస్‌ఎస్‌డీ చెడిపోలేదు. 11వ తరం నుంచి చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీ నేరుగా కాకుండా వీఎమ్‌డీ అనే కంట్రోలర్ వెనక ఉంటుంది. విండోస్ 10 సెటప్‌లో దాని డ్రైవర్ ఉండదు. బయోస్‌లో వీఎమ్‌డీ ఆఫ్ చేసే వీలుంటే ఒక్క నిమిషం పని. ఈ బయోస్‌లో ఆ ఐచ్ఛికమే లేదు. అప్పుడు లోడ్ డ్రైవర్ నొక్కి డ్రైవర్ చూపించాలి. ఇందులో రెండుసార్లు దెబ్బతిన్నాను.

మొదటిసారి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ సెటప్ ఫైలును అలాగే పెన్‌డ్రైవ్‌లో వేశాను. విండోస్ సెటప్‌కు ఈఎక్స్‌ఈ పనికిరాదు, విప్పిన ఫోల్డర్, అందులో డ్రైవర్‌ను ఎలా ఎక్కించాలో చెప్పే ఐఎన్‌ఎఫ్ ఫైలు కావాలి. రెండోసారి విప్పిన ఫోల్డరే పెట్టాను కానీ 18 సీరీస్ డ్రైవర్ అది, 11వ తరం వరకే. 13వ తరానికి 19 సీరీస్ కావాలి. "సరిపోని డ్రైవర్లను దాచు" అనే టిక్ ఉండటంతో లిస్టు ఖాళీగా వచ్చింది, నేనేమో పెన్‌డ్రైవ్ చదవట్లేదనుకుని పోర్టులు మారుస్తూ అరగంట గడిపాను.

మూడోసారి దశ 1లో తీసిన ఫోల్డర్ గుర్తొచ్చింది. అందులో ఐఏస్టోర్‌వీడీ పేరుతో ఒక ఉపఫోల్డర్ ఉంది. ఈ మెషీన్‌లో నడుస్తున్న డ్రైవరే కదా. అది చూపించగానే 476.9 జీబీ డిస్క్ వచ్చింది.

ఇక్కడినుంచి:

1. లిస్టులో డ్రైవ్ 0, డ్రైవ్ 1 రెండూ కనపడతాయి. రెండోది పెన్‌డ్రైవ్. సైజు చూసి గాని డిలీట్ నొక్కవద్దు.
2. డ్రైవ్ 0 మీద నాలుగు పార్టిషన్లున్నాయి: 260 ఎంబీ ఈఎఫ్‌ఐ, 16 ఎంబీ రిజర్వ్‌డ్, పెద్దది విండోస్, చివర రికవరీ. ఇమేజ్ చేతిలో ఉంది కాబట్టి నాలుగూ తీసేశాను. ఇమేజ్ లేనివాళ్లు ఇక్కడే ఆగి దశ 1కి వెళ్లండి.
3. ఖాళీ స్థలాన్ని ఎంచుకుని నెక్స్ట్. పార్టిషన్లు అదే చేసుకుంటుంది.

ఎడిషన్ ఏదని అడగలేదు. మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లో ఉన్న ప్రో కీ చూసి తనంతట తనే విండోస్ 10 ప్రో ఎక్కించుకుంది. తొమ్మిది నిమిషాల్లో కాపీ పూర్తయింది. నెట్ లేదు అని చెబితే లోకల్ అకౌంట్‌తో లోపలికి వెళ్లనిచ్చింది.

ఇప్పటిదాకా: 15 గంటల 30 నిమిషాలు, 700.

దశ 5: పదిహేడు పసుపు గుర్తులు (జులై 12, 13)

డెస్క్‌టాప్ వచ్చింది. వైఫై లేదు, సౌండ్ లేదు, టచ్‌ప్యాడ్ కదలదు, తెర మీద అక్షరాలు సాగిపోయి ఉన్నాయి. కీబోర్డు మాత్రం పనిచేస్తోంది. ఈథర్నెట్ పోర్టు లేదని మొదట చెప్పింది ఇందుకే. 250 రూపాయల యూఎస్‌బీ మౌస్ తెచ్చాను. నెట్‌కు ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు, దానికి కావలసిన డ్రైవర్ విండోస్ 10లోనే ఉంది.

డివైస్ మేనేజర్‌లో గుర్తులు లెక్కపెట్టాను: 17.

ఒక్కొక్కటిగా కాకుండా పీఎన్‌పీ యుటిల్ కమాండ్‌కు దశ 1 ఫోల్డర్ చూపించి, సబ్‌డిర్స్, ఇన్‌స్టాల్ అనే స్విచ్‌లు ఇచ్చాను. ఉపఫోల్డర్లన్నీ తిరిగి సరిపోయే డ్రైవర్లు తనే ఎక్కిస్తుంది. రీస్టార్ట్ చేశాక లెక్క: 5. చిప్‌సెట్, గ్రాఫిక్స్, వైఫై, బ్లూటూత్ అన్నీ వచ్చాయి. టచ్‌ప్యాడ్ కూడా వచ్చింది. టచ్‌ప్యాడ్‌కు విడిగా డ్రైవర్ వెతికి అలసిపోయేవాళ్లుంటారు. దానికి ముందు ఇంటెల్ సీరియల్ ఐఓ డ్రైవర్లు, అంటే జీపీఐఓ, ఐ2సీ పడాలి. అవి పడితే టచ్‌ప్యాడ్ దానంతటదే లేస్తుంది.

మిగిలిన ఐదు: సౌండ్‌వి రెండు, వేలిముద్ర రీడర్, ఫంక్షన్ కీలు, జీఎన్‌ఏ అనే యాక్సిలరేటర్.

సౌండ్ దగ్గర ఆదివారం సగం గడిచింది. షాపులో సౌండ్ ఎందుకు అనిపించొచ్చు. బాబాయికి సన్నగా ఘంటసాల పాటలు లేకపోతే చెయ్యి కదలదు. అందుకని వదల్లేదు.

ఎక్స్‌పోర్ట్ చేసిన సౌండ్ డ్రైవర్‌ను చేత్తో చూపిస్తే ఇది ఈ విండోస్‌కు సరిపోదు అంది. ఐఎన్‌ఎఫ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. మోడళ్ల సెక్షన్ పేరు చివర 22000 అని ఉంది. అంటే బిల్డ్ 22000, విండోస్ 11 మొదటి బిల్డ్, లేదా ఆ పైవాటిలోనే ఎక్కుతానని ఆ డ్రైవర్ తానే రాసుకుంది. మనది 19045. మిగతా డ్రైవర్లలో ఈ అంకె తక్కువగా ఉంది కాబట్టి అవి ఎక్కాయి. ఏ డ్రైవర్ ఎక్కుతుందో ఎక్కదో తేల్చుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి చూడటం మాని ముందు ఆ ఒక్క లైను చదవండి.

ఆ అంకె మార్చేస్తే పోలేదా? పోదు. ఐఎన్‌ఎఫ్‌లో ఒక్క అక్షరం మార్చినా డ్రైవర్ మీది డిజిటల్ సంతకం చెల్లదు. సంతకాల తనిఖీ ఆపేసి నడిపితే రోజూ కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు పెట్టే మెషీన్‌కు అది మంచిది కాదు.

చివరికి దారి ఇది:

1. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు మీద ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీలు. పొడవైనది కాపీ చేసుకోవాలి.
2. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్‌లో దాన్ని వెతకాలి. విండోస్ 10, వెర్షన్ 1903 అండ్ లేటర్ అని ఉన్నది దింపాలి.
3. వచ్చిన క్యాబ్ ఫైలును ఎక్స్‌పాండ్ కమాండ్‌తో ఒక ఫోల్డర్‌లోకి విప్పాలి.
4. ముందు ఇంటెల్ స్మార్ట్ సౌండ్ డ్రైవర్, రీస్టార్ట్, ఆ తర్వాత ఆడియో కోడెక్ డ్రైవర్. నేను మొదట కోడెక్ వేసి చూశాను, ఎక్కింది కానీ శబ్దం రాలేదు. వరస తప్పితే రెండూ తీసేసి మొదలుపెట్టాల్సిందే.

లెక్క: 3. వేలిముద్ర రీడర్ డ్రైవర్ విండోస్ అప్‌డేట్‌లోని ఆప్షనల్ అప్‌డేట్స్‌లో దొరికింది, 2. ఫంక్షన్ కీల డ్రైవర్ ఇదే కంపెనీ ముందటి ఏడాది మోడల్ పేజీ నుంచి తెచ్చాను, 1. జీఎన్‌ఏ మిగిలింది. దానితో డీటీపీకి పనేమీ లేదు, తెలిసే వదిలేశాను.

ఇప్పటిదాకా: 22 గంటల 30 నిమిషాలు, 950.

దశ 6: శ్రీరస్తు (జులై 15)

లాక్ డ్రైవర్ ఎక్కించాను. మెమరీ ఇంటెగ్రిటీ ఇక్కడ ముందే ఆఫ్‌లో ఉంది, కోడ్ 39 రాలేదు. ఇంత పాత డ్రైవర్‌ను సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగా ఎలా ఒప్పుకుంది అని అనుమానం వచ్చింది. 2015 జులై 29కి ముందు జారీ అయిన సర్టిఫికెట్‌తో సంతకమున్న డ్రైవర్లను విండోస్ 10 వదిలేస్తుంది. మన డ్రైవర్ సంతకం 2011 నాటిది.

పేజ్‌మేకర్ తెరిచి బాబాయికి కుర్చీ ఇచ్చాను. ఆయన కీబోర్డు చూడరు. తెర కూడా పెద్దగా చూడరు, పక్కన పెట్టుకున్న చేతిరాత కాగితం చూస్తారు. టకటకా కొట్టేసి తల ఎత్తారు. శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు. రావత్తు, తావత్తు, "ఘ్న" కింద నావత్తు, అన్నీ వాటి చోట్లలో కూర్చున్నాయి.

"ఏరా అబ్బాయ్, ఇంకోటి కొట్టి చూద్దామా?" అన్నారు. శ్రావణం మొదటి ఆర్డరు కాగితం అప్పటికే తీసి ఉంచారు. పెళ్లికూతురి పేరు జ్యోత్స్న. "త్స్న" ఎప్పుడూ పేచీ పెట్టే అక్షరం. పడింది.

ఒకటి కొలిచి చూశాను. 96 పేజీల పాత పుస్తకం పీడీఎఫ్ తీయడానికి విండో ముందుంటే 41 సెకన్లు, మినిమైజ్ చేస్తే 68 సెకన్లు. ఈ ప్రాసెసర్‌లో రెండు పెద్ద కోర్లు, ఎనిమిది చిన్న కోర్లు ఉంటాయి. ఏ పని ఏ కోర్‌కు ఇవ్వాలో సూచించే థ్రెడ్ డైరెక్టర్‌ను వాడుకోవడం విండోస్ 10కి రాదు. వెనక ఉన్న పని చిన్న కోర్ల మీదికి పోతోందని నా అంచనా. పీడీఎఫ్ తీసేటప్పుడు విండో మినిమైజ్ చేయొద్దని మానిటర్ అంచున కాగితం అంటించాం.

యాక్టివేషన్ గురించి ప్రత్యేకంగా చేసింది లేదు. నెట్ తగలగానే డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయింది అని చూపించింది. విండోస్ 11 ప్రోతో వచ్చిన మెషీన్‌కు విండోస్ 10 ప్రోకు దిగే హక్కు లైసెన్స్‌లోనే ఉంది. హోమ్ ఎడిషన్‌కు ఆ హక్కు లేదు. పక్క వీధి జిరాక్స్ షాపతను తనదీ ఇలా మార్చమని తెచ్చాడు. అది హోమ్. చేయనని చెప్పాను. కొనేముందే ఎడిషన్ చూసుకోండి.

ఇప్పటిదాకా: 24 గంటల 30 నిమిషాలు, 950.

దశ 7: మళ్లీ చెడినవి (జులై 16 నుంచి 20)

16 ఉదయం సౌండ్ లేదు. రాత్రి విండోస్ అప్‌డేట్ తనకు నచ్చిన ఆడియో డ్రైవర్ తెచ్చి వేసింది. రోల్ బ్యాక్ చేసి, గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో రెండు మార్పులు చేశాను. హోమ్ ఎడిషన్‌లో ఈ ఎడిటర్ ఉండదు.

1. విండోస్ అప్‌డేట్ కింద, అప్‌డేట్లతో పాటు డ్రైవర్లు కలపవద్దు అనే పాలసీ ఎనేబుల్.
2. విండోస్ అప్‌డేట్ ఫర్ బిజినెస్ కింద, టార్గెట్ ఫీచర్ అప్‌డేట్ వెర్షన్: ప్రోడక్ట్ దగ్గర విండోస్ 10, వెర్షన్ దగ్గర 22హెచ్2. ఇది పెట్టకపోతే ఎవరో ఒకరు తెలియక "విండోస్ 11 సిద్ధం" అన్న బటన్ నొక్కుతారు, మొత్తం పని నీళ్లపాలు.

17 ఉదయం బ్యాటరీ. మూత మూసేటప్పుడు 88 శాతం ఉంటే పదకొండు గంటల తర్వాత 61. ఈ మెషీన్‌లో పాత తరహా స్లీప్ లేదు, మూత మూసినా లోపల కొంత మేలుకునే ఉండే మోడర్న్ స్టాండ్‌బై ఒక్కటే. మూత మూస్తే హైబర్నేట్ కావాలని, అంటే ఉన్న పని డిస్క్‌లో దాచి ఆగిపోవాలని, మార్చాను. మర్నాడు తగ్గింది 1 శాతం. తెరిస్తే పైకి రావడానికి 14 సెకన్లు, దానికి ఇబ్బంది లేదు.

హైబర్నేట్ నుంచి లేచాక లాక్ లైటు వెలగలేదు, ఊడదీసి పెడితే వెలిగింది. రోజూ ఊడదీస్తే ఆ పాత లాక్ పిన్నులు ఎన్నాళ్లుంటాయి? అది పోతే ఇంకోటి దొరకదు. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (వాడని యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చేది) డిసేబుల్ చేశాను. 20 దాకా వరసగా చూశాను, ప్రతి ఉదయం లైటు వెలిగే ఉంది.

20 రాత్రి ఈ స్థితిలోనే కొత్త సిస్టమ్ ఇమేజ్ తీశాను, 34 జీబీ.

మొత్తం: 28 గంటల 30 నిమిషాలు, 950 రూపాయలు.

దశ 8: గడువు తీరాక (అక్టోబరు 18)

విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇది జులైలోనే తెలుసు. తెలిసీ చేశాం కాబట్టి దానికి తగ్గ జాగ్రత్త కూడా మా పనే.

గడువు తీరాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేర్పించాను. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ లింకు వస్తుంది. సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేసుకుంటే డబ్బు కట్టనక్కర్లేదు. 2026 అక్టోబరు 13 దాకా అప్‌డేట్లు వస్తాయి. దీనికి మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. ఈసారి బాబాయి పేరుతోనే తెరిచాను. సైన్ ఇన్ అయ్యాక డివైస్ ఎన్‌క్రిప్షన్ చూస్తే, అనుకున్నట్టే మళ్లీ ఆన్ అయి ఉంది. కొత్త 48 అంకెలు ప్రింట్ తీసి రికవరీ డ్రైవ్ పక్కన బీరువాలో పెట్టాం.

ఈ మెషీన్‌లో బ్యాంకు పనులు, మెయిల్ వద్దనుకున్నాం. వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు, పీడీఎఫ్‌లు ఇంకో కంప్యూటర్‌లో దింపి, స్కాన్ చేసి, పెన్‌డ్రైవ్‌తో తెస్తున్నారు. కాస్త శ్రమే. బాబాయి రెండు వారాల్లో అలవాటు పడ్డారు.

దశ 9: పాత ఫైళ్లు (నవంబరు 9)

2026 అక్టోబరు లోపు ఈ లాక్ మీద ఆధారపడటం మానాలి. పాత లిపిలోని వాక్యాలను యూనికోడ్‌కు మార్చి, యూనికోడ్ తెలుగు తెలిసిన పేజీ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్తున్నాం. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు కాబట్టి డిజైన్ అంతా మళ్లీ పేర్చాలి.

కన్వర్టర్ పదిలో తొమ్మిది మాటలు సరిగ్గా ఇస్తోంది. తప్పేవి ఎక్కువగా రెండు వత్తులున్న అక్షరాలు. జ్యోత్స్న మొదటిసారి "జ్యోత్న" అయింది. అందుకని మార్చిన ప్రతి ఫైలునూ పాత ప్రింటు పక్కన పెట్టుకుని కళ్లతో చదువుతున్నాం. ఆదివారాలు రెండేసి గంటలు, బాబాయి చదువుతారు, నేను దిద్దుతాను.

ఫైళ్లు 1,860. ఈ రోజుకు అయినవి 143.